చామంతి కుండీ

అక్టోబరు ఆఖరి ఆదివారం
ఈ దేశం నాకొక గంట తిరిగిచ్చింది.
రాత్రి మూడయ్యే వేళకి గడియారం మళ్ళీ రెండు కొట్టింది.
ఆ గంటకి జీతం ఉందా లేదా అని
బేకరీలో కాసేపు కొట్లాడుకున్నాం.
ఉందని తేలాక
టీ పెట్టుకుని, ఆ గంటని తాగేశాం.

తెల్లారి ట్రాము దిగితే
పొజ్నాన్ అంతా పసుపు నీళ్ళు చల్లినట్టుంది.
ఏ వార్తా మోసుకురాని వార్తా నది
మంచు కప్పుకుని ఇంకా లేవలేదు.
ఆకులు మోకాళ్ళ దాకా.
తన్నుకుంటూ నడిచాను, చప్పుడు కోసం.
నలభై రెండేళ్ళవాణ్ణి, ఎవరైనా చూస్తారేమోనని వెనక్కి తిరిగితే
టై కట్టుకున్న పెద్దమనిషొకడు
అదే పనిలో ఉన్నాడు.
ఇద్దరం మొహాలు తిప్పేసుకున్నాం.

మార్కెట్టు నిండా చామంతులు!
కడియం నర్సరీల్లో పెరిగినవాణ్ణి,
పువ్వు వెనక్కి తిప్పి తొడిమ చూస్తే చాలు
ఎన్నాళ్ళుంటుందో చెప్తాను.
ఏరి ఏరి ఒక కుండీ పట్టుకుని
కింది వాటా పానీ బోగుమీవా తలుపు కొట్టాను.
(పానీ అంటే ఇక్కడ నీళ్ళు కాదు, గారు.)
అడవిలో తనే ఏరుకొచ్చిన పుట్టగొడుగులతో
పులుసు కాచాను రమ్మంది మరి,
ఉత్త చేతుల్తో ఎలా వెళ్ళను?

ఆవిడ కుండీని చూసింది.
నన్ను చూసింది.
"ఇంకా బతికే ఉన్నాను కదయ్యా,
కొన్నాళ్ళు ఆగలేకపోయావా?"

ఈ పువ్వుకి ఇక్కడ ఒకటే అడ్రసట:
సమాధి.
నా చెవులు కాలిపోయాయి.
వచ్చీరాని భాషలో చెప్పుకున్నాను,
మా వైపు ఇది జడలోకి ఎక్కుతుంది,
దేవుడి మెళ్ళోకి, పెళ్ళి పందిట్లోకి,
ఆఖరికి పాడె మీదకీ,
పిలిస్తే చాలు, ఎవరింటికైనా పోతుందని.
ఆవిడ ఒక పువ్వు తుంచి
అద్దం ముందు నిలబడి
తెల్ల జుట్టులో గుచ్చుకుంది.
"జెనన్ చూస్తే మళ్ళీ చచ్చేవాడు" అని
పొట్ట పట్టుకుని నవ్వింది.

ఒకటో తారీకు, సెలవు.
ట్రాములో ప్రతి ఒళ్ళోనూ ఒక కుండీ,
చంటిపిల్లల్లా.
మా కుండీ నా ఒళ్ళో.
ఆవిడ రాయి తుడిచింది, ఆకులు ఊడ్చింది,
కుళాయి బాగుచేయించకుండా పోయినందుకు మొగుణ్ణి తిట్టింది,
తర్వాత నన్ను పరిచయం చేసింది:
"పైవాటా అబ్బాయి. నాకు సమాధి పూలు తెచ్చాడు."

చీకటి పడింది.
ఒకటీ రెండూ కాదు, కొండ కొండంతా గాజు దీపాలు.
చలికి పగిలిన బుగ్గలకి
వేల వత్తుల వేడి తగిలింది.
మా వాళ్ళు ఈ రోజుల్లోనే
అరటి దొప్పలో పెట్టి నీళ్ళకి వదిలేస్తారు దీపాన్ని.
వీళ్ళు మూతేసి మట్టి మీద కూర్చోబెడతారు.
గాలి మాత్రం రెండు చోట్లా అదే అల్లరి.
సంచిలో మిగిలిన దీపం నా చేతిలో పెట్టి
"నీకిష్టమైన వాళ్ళకి ఇయ్యి" అంది.
పేరు అరిగిపోయిన రాయొకటి దొరికింది.
వెలిగించి, ఏం చెప్పాలో తెలీక
నా పేరు చెప్పాను.

వల్లకాట్లో ఇంత హాయిగా ఉందేమిటని
సిగ్గుపడుతుంటే
ఆవిడే రక్షించింది:
"ఆకలేస్తోంది, పద."

పదకొండో తారీకు ఇంకో పండగ.
వారం ముందు నుంచే మాకు నిద్ర లేదు.
గుర్రపు నాడా ఆకారంలో తీపి రొట్టెలు,
లోపల కూరడానికి తెల్ల గసగసాలు
బస్తాలకి బస్తాలు.
చిటికెడు గసాల్ని పొట్లం కట్టి దాచుకునే మా పిన్ని
ఇవి చూస్తే కళ్ళు తిరిగి పడిపోయేది.
రుబ్బీ రుబ్బీ నా కనుబొమల దాకా గసాలే.

షిఫ్టు దిగి నాలుగు రొట్టెలు తెచ్చాను.
పానీ బోగుమీవా అద్దం అంచున
ఆ చామంతి ఇంకా ఉంది,
ఎండి, మందులకొట్టు వాసనేస్తూ.
ఒకటి నేను తిన్నాను. రెండు ఆవిడ.
నాలుగోది జెనన్‌దని
పళ్ళెంలో పక్కన పెట్టింది.

మర్నాడు అడిగితే
మూతి తుడుచుకుంటూ చెప్పింది,
ఆయనకి గసగసాలు పడేవి కావట.